కాళ్ళు చూసే డాక్టరమ్మ

సవరించిన జాతీయ మాతా శిశు కిశోర ఆరోగ్య వ్యూహం మా నల్గొండ ఆఫీసుకు అట్టపెట్టెల్లో వచ్చింది. పుస్తకం ముఖచిత్రం మీద ఒక ముసలావిడ. నులక మంచం మీద కూర్చుంది, పక్కన మేకపిల్ల, బుగ్గలో పాన్. కెమెరా వైపు చూడవలసింది పోయి, కెమెరా పట్టినవాడి పాదాల వైపు చూస్తోంది. లోపలి పేజీలో ఆ బొమ్మకు వివరణ వేశారు: ఆరోగ్య సేవల గురించి తెలుసుకుంటున్న గ్రామీణ వృద్ధురాలు.

ఆ గ్రామీణ వృద్ధురాలు నల్గొండ పట్టణంలో తల్లులకూ, ఆ తల్లులు కన్న కూతుళ్ళకూ కాన్పులు చేసిన డాక్టరు. ఆమెకు ఆరోగ్య సేవల గురించి తెలియజెప్పగలిగిన మనిషిని నేనైతే చూడలేదు. అలాంటివాడు ఉన్నా, బహుశా ఆమె చేతుల్లోనే పుట్టి, పుట్టగానే ఆమె చేత తిట్లు తిని ఉంటాడు. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. ఉండి ఉంటే ఈ పుస్తకాన్ని తెరిచేది కాదు. ప్రభుత్వం అచ్చువేసిన ఏ పుస్తకాన్నీ ఆమె తెరవగా నేను చూడలేదు. ముందు అరచేతిలో పెట్టి బరువు చూసేది. తర్వాత దానితో విసురుకునేది.

"గిది మంచిగున్నది దొరా. పోయినసారిది పల్చగుండె, గాలే రాకపాయె."

నన్ను దొరా అనడం గౌరవం కాదు. మాది నకిరేకల్ దిక్కున ఒకప్పుడు గడీ, అంటే దొరల కోట, ఉన్న కుటుంబం. ఇప్పుడు ఆ గడీ ముందు హాలులో ఎరువుల బస్తాలున్నాయి, వెనక భాగంలో నేనున్నాను. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో ప్రచార విభాగం నాది. పై నుంచి పెద్దలు వస్తే హాలు చూడాలి, మైకు చూడాలి, భోజనాలు చూడాలి, వాళ్ళ ఇంగ్లీషును తెలుగులోకీ మన తెలుగును ఇంగ్లీషులోకీ దించాలి. కుర్చీలు నేను మోయను. మోయిస్తాను. ఈ తేడా ఆఫీసులో అటెండర్ నుంచి అధికారి దాకా అందరూ గుర్తించారు. ఆమె ఒక్కతే గుర్తించలేదు.

"ఏం దొరా, కుర్చీలన్ని మంచిగ ఏసినవా?" అని హాలు గుమ్మంలోనే, పదిమంది వినేటట్టు అడిగేది.

ఆమె తండ్రి నల్గొండలో దర్జీ. మా తాతకు షేర్వానీలు కుట్టాడు. ఈ సంగతి నేను ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తడం మర్యాద కాదు. ఆమే ఎత్తేది, అదీ భోజనాల దగ్గర. "మీ తాత కొల్తలు మా అబ్బాజాన్‌కు కడదాక యాదుండె. దొరవారికి ఛాతి కన్న నడుమే పెద్దగుండేనంట. గుండీలు పెట్టుడు కష్టమాయెనంట పాపం." ఇట్లా అని, నా ప్లేటులో ఉన్న రెండో జిలేబీ వైపు చూసేది.

మనుషుల ముఖాలు ఆమెకు గుర్తుండేవి కావు. ఎవరు ఎదురుపడినా ముందు కాళ్ళు చూసేది. పెళ్ళిళ్ళలో, బస్టాండులో, కలెక్టరు సమావేశంలో కూడా అంతే. చీర కుచ్చిళ్ళ కింద పాదం కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తే చాలు, పరిచయం లేకపోయినా సరే, కిందికి వంగి బొటనవేలితో చీలమండ దగ్గర నొక్కి, సొట్ట పడుతుందేమో చూసేది. ఒకసారి ఒక పెద్ద అధికారి భార్యకు వేదిక మీదే ఈ పరీక్ష జరిగింది. పూలగుత్తి పట్టుకున్న ఆ ఇల్లాలు ఈమె తన పాదాలకు మొక్కుతోందనుకుని తల మీద చెయ్యి పెట్టి దీవించింది. డాక్టరమ్మ లేచి, "ఉప్పు తగ్గించు బిడ్డా" అని వచ్చి కూర్చుంది.

మా వంశంలో ఎవరూ ఎవరి కాళ్ళ వైపూ వంగలేదు. అందుకే ఆ అలవాటు నాకు మరీ కంటగింపుగా ఉండేది.

రిటైరయ్యాక ఆమెను సలహాదారుగా పెట్టుకున్నారు. సలహాదారు అంటే ముందు వరసలో కుర్చీ, మెడలో పేరు వేలాడే తాడు, భోజనం. సలహా ఎవరూ అడగరు. ఆమె కూడా మొదటి ఉపన్యాసం మొదలవగానే పర్సును పక్క కుర్చీలో పెట్టి, ఎవరూ అక్కడ కూర్చోకుండా చూసుకుని, హాయిగా నిద్రపోయేది. చప్పట్లకు మెలకువ వచ్చేది. లేవగానే ఒకటే ప్రశ్న. "అన్ని సరె. పిల్ల ఏడున్నది?"

ఏ పిల్ల అని ఎవరైనా అడిగితే చెడ్డ కోపం.

వ్యూహాన్ని సవరించడానికి పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలకు కలిపి మా దగ్గరే సంప్రదింపుల సమావేశం పెట్టారు. ఢిల్లీ నుంచి ఒక బృందం వచ్చింది. దాని పెద్దమనిషి చాలా మెత్తగా మాట్లాడేవాడు, ప్రతివాళ్ళ మాటకూ తల ఊపేవాడు, అందువల్ల ఎవరి మాటా అతని తలలో నిలిచేది కాదు. హాల్లో అందరికీ రంగు కాగితాలు పంచారు. పసుపు కాగితం మీద సమస్య రాయాలి, పచ్చ కాగితం మీద పరిష్కారం రాయాలి, గోడకు అంటించాలి. ఆశా కార్యకర్తలు, నర్సులు, కాలేజీ నుంచి తెచ్చిన ఆడపిల్లలు శ్రద్ధగా రాశారు. గోడ పెళ్ళి పందిరిలా తయారయింది.

డాక్టరమ్మ పసుపు కాగితం ఒకటి తీసుకుని 'తల్లిగారిల్లు' అని రాసి, గోడ నడుమ అంటించి వచ్చింది.

పెద్దమనిషి నన్ను చూశాడు. నేను వివరించాను. మా దిక్కున మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగాలన్నది ఆచారమని, ఏడో నెలకో తొమ్మిదో నెలకో పిల్ల అత్తగారి ఊరు వదిలి వెళుతుందని, పేరు మాత్రం అత్తగారి ఊళ్ళోనే రాసి ఉంటుందని చెప్పాను. డాక్టరమ్మ కూర్చున్న చోటి నుంచే అందుకుంది.

"అత్తగారూర్ల పేరుంటది, మనిషుండది. తల్లిగారూర్ల మనిషుంటది, పేరుండది. అందరికన్న ఎక్కువ చూడాల్సిన నెలల్ల గా పిల్ల ఎవ్వరికి గాకుంట పోతది. కడుపుతోనున్న పిల్ల ఏడ పండుకుంటే ఆ ఊరిది. గింతే. గీ ఒక్క మాట రాసుకో సాబ్, కడమవన్ని నీ ఇష్టం."

అతను చాలా లోతుగా తల ఊపాడు. మర్నాడు పొద్దున తెర మీద అతని సారాంశం వచ్చింది. అందులో ఆమె మాట 'వలస' అనే శీర్షిక కింద ఉంది. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ప్రాంతంలో గర్భిణులు ఏడో నెల నుంచి పెద్ద సంఖ్యలో వలస పోతున్నారట. ఇది ఆందోళనకరమట. నా ఇంగ్లీషులో దోషం లేదు, మా తాత మాకు తెల్లదొరసాని చేత చెప్పించిన ఇంగ్లీషు అది. ఢిల్లీలో పాలమూరు అంటే వలస అని ముందే రాసుకుని బయలుదేరారు, అంతే. ఇక్కడి వాళ్ళు గుడికి వెళ్ళినా వలసే, పెళ్ళికి వెళ్ళినా వలసే. ఇప్పుడు అచ్చయి వచ్చిన పుస్తకంలోనూ అదే ఉంది: వలస గర్భిణుల కోసం ఇటుకబట్టీల దగ్గర సంచార వైద్య శిబిరాలు. తల్లిగారి వంటింట్లో కూర్చున్న పిల్లను ఇటుకబట్టీలో వెతకాలని దేశం తీర్మానించింది.

ఆ రోజు డాక్టరమ్మ తెర వైపు చూసి, పాన్ మింగి, "పాండ్రి, మీ వలస నేను చూపిస్త" అంది.

పెద్దమనిషికీ వలస చూడాలనే ఉంది. బృందం వ్యానులో కోస్గి దిక్కున ఒక పల్లెకు బయలుదేరాం. అక్కడి ఆశా కార్యకర్త ఆ ఊరి గర్భిణుల ఇళ్ళకు తీసుకుపోయింది. మొదటి ఇంట్లో కోడలు లేదు, పుట్టింటికి పోయింది. రెండో ఇంట్లోనూ పోయింది. పెద్దమనిషి ముఖం వెలిగిపోతోంది, వలస సిద్ధాంతం రుజువవుతోంది. మూడో ఇల్లు గొర్రెలు మేపే కురుమవాళ్ళది. అక్కడికి మమ్మల్ని మంచినీళ్ళ కోసం మాత్రమే తీసుకుపోయారు. డాక్టరమ్మ వాకిట్లో నులక మంచం మీద కూలబడింది. మేకపిల్ల ఒకటి వచ్చి ఆమె కొంగు నమిలింది. బృందంలోని ఫొటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే తన కళాఖండం తీసుకున్నాడు.

చెంబుతో నీళ్ళు తెచ్చింది ఆ ఇంటి కూతురు. నిండు కడుపు. డాక్టరమ్మ చెంబు అందుకోలేదు. వంగి ఆ పిల్ల పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు తీశాక కూడా ఆ గుంట అట్లాగే ఉండిపోయింది.

"తలకాయ నొస్తాందా బిడ్డా?"

"నిన్నటి సంది పలుగుతాంది అవ్వా."

సంచిలోంచి మిషను తీసి బీపీ చూసింది. చూసి, పట్టీ విప్పకుండానే రెండోసారి చూసింది. తర్వాత ఆశా కార్యకర్త వైపు తిరిగి నిలదీసింది. "గీ పిల్లకు ఎన్నడన్న చూసినవా?"

"గా పిల్ల మాది కాదు మేడం. అత్తగారిది నకిరేకల్ దిక్కు. పేరు ఆడనే ఉన్నది. నేను రాస్తె పైనోళ్ళు తీసేస్తరు, ఒక్క మనిషి రెండు జాగల ఉండొద్దంట."

ఆ పిల్ల తండ్రి ఎండాకాలం మందను తోలుకుని నల్గొండ దిక్కు వచ్చినప్పుడు కుదుర్చుకున్న సంబంధమట. డాక్టరమ్మ తల్లిని పిలిచి చెప్పింది, పిల్లకు బీపీ బాగా పెరిగింది, ఇట్లాగే వదిలేస్తే ఫిట్స్ వస్తాయి, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు, ఇప్పుడే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పోవాలి, ఆపరేషన్ కావచ్చు. తల్లి కొంగుతో నోరు మూసుకుంది.

"కాన్పు మాదే అవ్వా, నేను కాదంటలేను. కని కోత కోపియ్యాలంటె అత్తగారిని అడగాలె. అడగకుంట చేస్తె రేపు నా బిడ్డను ఏలుకుంటరా?"

భారం తల్లిగారిది, హుకుం అత్తగారిది. ఫోను కలిపారు. అవతలి నుంచి అత్తగారి గొంతు వాకిలంతా వినిపించింది.

"వదినె, మంచిగ సూసుకుంటరని తోలిస్తిమి. మీరేమో కోపిస్తమంటున్నరు. మా ఇంట్ల ఎవ్వరికన్న కోత కోసిండ్రా? నా కొడుకు పొద్దుమీకి వస్తడు, వచ్చినంక అడుగుత."

డాక్టరమ్మ నా మోచేయి పట్టుకుంది. "దొరా, గది మీ పాత ఇలాఖనే గద. జర నువ్వు మాట్లాడు. మీ ఖాన్‌దాన్ పేరు గిప్పుడన్న పనికొస్తదేమో చూద్దాం."

నేను ఫోను తీసుకున్నాను. మా ఇంటి పేరు చెప్పాను, మా తాత పేరు చెప్పాను. బతిమాలడం మా ఇంట్లో నేర్పలేదు. కోడలిని వెంటనే దవాఖానకు పంపడానికి ఒప్పుకోవలసిందని స్పష్టంగా చెప్పాను. అవతలి నుంచి అత్త అందుకుంది.

"ఏ దొర? గా కూలిపోయిన గడీ దొరనా? మా మామ మీ గడీకి వెట్టి నీళ్ళు మోసి మోసి నడుమిరిగి సచ్చె. ఇగ నా కోడలి కడుపు మీద గూడ మీ హుకుమేనా? పక్కకు జరుగు, ఆడోళ్ళకియ్యి ఫోను."

డాక్టరమ్మ తల వెనక్కి వేసి నవ్వింది. పక్కన ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చి ఉండగా ఆమె నవ్వింది, అదీ నన్ను చూసి. చనిపోయినవాళ్ళను క్షమించాలంటారు. ఆలోచిస్తాను.

అప్పుడు ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడి, నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అత్తమ్మా, నాకు కండ్లు మసకలస్తున్నయి. మా అమ్మ మొఖం రెండు కనవడుతాంది. నువ్వు నీ కొడుకును అడుగుతవో, ఊరందర్ని అడుగుతవో అడుగు. నేనైతె పోతున్న. ఆయనను దవాఖానకే రమ్మను."

అని తల్లికి ఫోను ఇచ్చి వ్యాను వైపు నడిచింది. డాక్టరమ్మ ఆమె కన్నా ముందు వెళ్ళి, సీట్ల మీది వ్యూహ ముసాయిదా కట్టలను కిందికి తోసి, పిల్లను పడుకోబెట్టింది. పెద్దమనిషి తలుపు దగ్గర నిలబడి మెత్తగా అడిగాడు, మరి మేము ఎట్లా వెళ్ళాలి అని. ఆమె ఉర్దూలో చెప్పిన జవాబును ఆయనకు అనువదించవలసిన అవసరం రాలేదు. తెలుగులో అయితే ఇది: "మీకు వలస చూడాలని ఉండె గద సాబ్. కోస్గి దాక నడిచిపోండ్రి. తెలుస్తది."

వ్యాను దుమ్ము లేపుకుంటూ పోయింది. జాతీయ బృందం బండల బాట పట్టింది. పెద్దమనిషి దారి పొడుగునా తల ఊపలేదు. సగం దారిలో ఒక ఆటో దొరికింది, అందులో అప్పటికే రెండు గొర్రెపొట్టేళ్ళు, వాటి యజమాని ఉన్నారు. నేను నిటారుగానే కూర్చున్నాను, ఆటో పైకప్పు ఒప్పుకున్నంత వరకు.

మర్నాడు పొద్దున వ్యాను తిరిగి తేవడానికి మహబూబ్‌నగర్ వెళ్ళాను. దారిలోనే ఒకసారి ఫిట్స్ వచ్చాయని, డాక్టరమ్మ వ్యానులో మోకాళ్ళ మీద కూర్చుని సూది వేసిందని, దవాఖానకు చేరగానే ఆపరేషన్ చేశారని డ్రైవరు చెప్పాడు. ఆడపిల్ల పుట్టింది. చిన్నదే గాని గట్టిగా ఏడుస్తోంది. తల్లి కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది, చీర నలిగి, జడ ఊడి. నిజంగానే గ్రామీణ వృద్ధురాలిలా ఉంది.

మంచానికి అటు తల్లి, ఇటు అత్త. అత్తను గొంతు విని గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నేను పరిచయం చేసుకోలేదు.

నర్సు వచ్చి అడిగింది. "ఈమెకు బీపీ ఇంక దిగలేదు. ఇంటికి పోయినంక గూడ సిస్టరమ్మ వచ్చి చూడాలె, లేకుంటె మల్ల ఫిట్స్ వస్తయి. ఏ ఊరికి పోతది? ఆ ఊరోళ్ళకు చెప్పాలె."

"బాలింత తల్లిగారింట్లనే గద ఉంటది" అంది అత్త.

"ఉంటది. కని మా ఊర్ల పేరు లేదు వదినె. మీ ఊర్లనే ఉన్నది" అంది తల్లి.

"మా ఊర్ల ఉంటె ఏం లాభం? మనిషి మీ ఊర్లనుంటె మా ఆశమ్మ మీ ఊరికొస్తదా?"

వాదన మర్యాదగానే సాగింది, వదినె వదినె అనుకుంటూనే. పిల్ల పడుకునే ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"అయితె నన్నెవరు చూస్తరు అవ్వా?" అని డాక్టరమ్మను అడిగింది.

డాక్టరమ్మ ఆ పిల్ల పాదం మీది నుంచి చెయ్యి తీయకుండానే చెప్పింది. "నా ఇంటికి రా. నల్గొండల నాకు పెద్ద ఇల్లున్నది. పొద్దుగాల, మాపటికి నేనే బీపీ చూస్త. బిడ్డకు నేనే నీళ్ళు పోస్త. నీ బీపీ దిగినంక ఏడికన్న పో."

ఇద్దరు వదినెలూ ఒక్కసారే లేచారు. అప్పటిదాకా రెండు జిల్లాలుగా ఉన్నవాళ్ళు ఒక్క గొంతయ్యారు.

"సాయబులింట్లనా? బాలింతనా?"

"నలుగురు వింటె ఏమంటరు? ఇంటోళ్ళం సచ్చినమా?"

అత్త కొంగులోంచి ఫోను తీసింది. వాళ్ళ ఊరి ఆశా కార్యకర్తకు ఫోను చేసి, తన కోడలి పేరు కొట్టేస్తే ఇంటి ముందు వచ్చి కూర్చుంటానని చెప్పింది. తల్లి తన ఊరి ఆశమ్మకు చేసి, రాసుకుంటవా, సర్పంచును తోలుకరావాల్నా అని అడిగింది. అవతలి నుంచి, పైనోళ్ళు తీసేస్తరు అన్న మాట వినిపించింది. డాక్టరమ్మ ఆ ఫోను అందుకుంది. "రాయి బిడ్డా. తీసేసినోడెవడో నాకు చెప్పు. వాడు ఏడ పుట్టిండో నాకు ఎరికే ఉంటది." వ్యూహంలో ఎక్కని మాట ఆ పొద్దున వార్డులో అమలైంది. ఒక పిల్ల, ఒక బిడ్డ, రెండు ఊళ్ళు. పిల్ల కళ్ళు మూసుకుంది, ఈసారి నిద్ర.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. నేను మనుషులను పొగడడం అరుదు, అయినా ఎత్తు మెచ్చుకోదగ్గది.

"మంచి ఎత్తు వేశారు డాక్టరమ్మ గారూ" అన్నాను. "సాయబులిల్లు అనగానే ఇద్దరూ దారికి వస్తారని మీకు ముందే తెలుసు."

ఆమె నా వైపు చూడలేదు. నా కాళ్ళ వైపు కూడా చూడలేదు. ఫోను తీసి నల్గొండలో తన ఇంట్లో పనిచేసే మనిషికి చేసింది.

"వెనక కమ్రా ఊడ్చినవా? కడిగినవ్ గూడనా? ... ఆ, మంచం ఎండల ఏసినవా, మంచిది. ఉయ్యాల కొక్కేనికి తాడు దొరికెనా? ... సరె. మంచం లోపల పెట్టి తలుపు దగ్గరికెయ్యి. లేదు, ఎవ్వరొస్తలేరు."